ఎడమ సిలిండరే ఎందుకు పట్టేస్తోంది: ఒక రాజ్‌దూత్ 350 పునరుద్ధరణ

పాత టూ స్ట్రోక్ బండిని బాగు చేయించి, వీలైతే కొత్తలో ఉన్నదానికన్నా చురుగ్గా పరుగెత్తించాలని మా వర్క్‌షాపుకు వచ్చేవారిలో ఎక్కువమంది మొదట జెట్ల (కార్బొరేటర్‌లో పెట్రోలును కొలిచి వదిలే చిన్న రంధ్రాల) గురించి, సైలెన్సర్ల గురించి అడుగుతారు. ఇంజిన్‌లోకి రాకూడని గాలి ఎక్కడి నుంచైనా వస్తోందా అని అడిగేవారు అరుదు. ఈ కేసులో ఆ ప్రశ్న వేయకపోవడం వల్ల ఒక మంచి ఇంజిన్ మరమ్మతుకు మూడు చేతులు మారి, రెండుసార్లు బోరింగు (సిలిండర్ లోపలి గోడను చెక్కి వెడల్పు చేయడం) అయి, చివరికి శ్రీకాకుళంలో మా దగ్గరకు చేరింది. యజమాని అనుమతితో రాస్తున్నాను. ఆయన పేరు, ఊరు, బండి నంబరు, నాకన్నా ముందు పనిచేసినవారి వివరాలు ఇందులో ఉండవు.

బండి నేపథ్యం

రాజ్‌దూత్ 350 అంటే మన దేశంలో తయారైన యమహా ఆర్‌డీ 350. యమహా దీన్ని 1973లో విడుదల చేసింది. గాలితో చల్లబడే రెండు సిలిండర్లు, 64 మిల్లీమీటర్ల బోరు (సిలిండర్ వ్యాసం), 54 మిల్లీమీటర్ల స్ట్రోకు (పిస్టన్ కదిలే దూరం), మొత్తం 347 సీసీ, ఇన్‌టేక్ దారిలో మిశ్రమాన్ని లోపలికే తప్ప వెనక్కి వదలని రీడ్ వాల్వులు, ఆరు గేర్లు, టూటీ ఆయిల్‌ను పెట్రోలులో కలపనవసరం లేకుండా పంపుతో విడిగా అందించే ఆటోల్యూబ్ పద్ధతి దీని ప్రత్యేకతలు. జపాన్ బండి శక్తి 39 హార్స్‌పవర్. ఎస్కార్ట్స్ సంస్థ 1983 నుంచి ఆ దశాబ్దం చివరి వరకు ఇక్కడ తయారుచేసినప్పుడు మైలేజీ కోసం ఆ శక్తిని తగ్గించారు: మొదట వచ్చిన హై టార్క్ రకానికి 30.5, తర్వాత వచ్చిన లో టార్క్ రకానికి 27 హార్స్‌పవర్. జపాన్ బండికి ముందు చక్రంలో ఉన్న డిస్క్ బ్రేకు స్థానంలో మన బండికి డ్రమ్ము వచ్చింది. బ్రేకు విషయం తర్వాత నా నిర్ణయాలన్నిటి మీదా పడింది కాబట్టి ఇక్కడే చెబుతున్నాను.

మా దగ్గరకు వచ్చినది లో టార్క్ బండి. యజమాని నలభైలలో ఉన్న రైతు. బండి ఆయన తండ్రి కొన్నది. జిల్లాలో సముద్రానికి దగ్గరగా ఉన్న ఆ ఊళ్లో బండి చాలా ఏళ్లు రేకుల షెడ్డులో, సైడు స్టాండు మీద, ఎడమ వైపుకు ఒరిగి నిలబడి ఉంది. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను వచ్చినప్పుడు షెడ్డు పైకప్పు లేచిపోయి, వాన నేరుగా బండి మీద పడింది. తర్వాత ఆ బండిని వెంటనే ఎవరూ విప్పలేదు. రెండేళ్ల క్రితం ఆయన దాన్ని బయటకు తీసి, రంగు వేయించి, క్రోమియం పూత పెట్టించి, ఇంజిన్ పని కూడా చేయించారు. చూడటానికి బండి షోరూములోంచి వచ్చినట్టే ఉండేది.

"అమ్మీమంటే అమ్మను మేస్త్రీగారూ, నాన్న కొన్నది. కానీ రోడ్డు మీద ఎక్కడ పట్టేస్తాదో అని భయపడతా తొక్కడం నావల్ల కాదు," అన్నది ఆయన చెప్పిన మొదటి మాట. ఆయన కోరిక ఒక్కటే కాదు, రెండు: ఇంజిన్ పట్టేయకూడదు (పిస్టన్ సిలిండర్‌లో బిగుసుకుపోకూడదు), పట్టేయకుండా ఉంటే చాలదు, జపాన్ ఆర్‌డీ పరుగెత్తినట్టు పరుగెత్తాలి. ఈ రెండింటినీ ఒకేసారి మొదలుపెట్టనని, మొదటిది తీరినట్టు రుజువయ్యాకే రెండోదాని జోలికి వెళతానని ఆరంభంలోనే చెప్పాను.

ఇబ్బంది ఏమిటి, ముందువారు ఏం చేశారు

జాతీయ రహదారి 16 మీద నరసన్నపేట దాటి ఉత్తరం వైపు గాని, రణస్థలం వైపు దక్షిణంగా గాని గంటకు 80, 90 కిలోమీటర్ల నిలకడ వేగంతో కొంత దూరం వెళ్లాక, ఏదో ఊరి కూడలి దగ్గర యాక్సిలరేటర్ వదిలిన క్షణంలో ఇంజిన్ బిగుసుకుని వెనుక చక్రం జారేది. క్లచ్చు పట్టుకుని పక్కకు తీసి, కాసేపు చల్లారనిస్తే మళ్లీ స్టార్టయ్యేది. విప్పిన ప్రతిసారీ దెబ్బతిన్నది ఎడమ పిస్టనే.

ముందువారు దీన్ని పెట్రోలు చాలని ఇంజిన్‌గా గుర్తించారు. ఆ గుర్తింపు సరైనదే. అందుకు చేసిన చికిత్సలు మాత్రం వేరే చోట తగిలాయి. రెండు కార్బొరేటర్లలోనూ మెయిన్ జెట్టును ఒక్కో మెట్టు పెంచుకుంటూ పోయారు. వేడి తక్కువ పట్టే ప్లగ్గు వేశారు. ఆటోల్యూబ్ పంపును తీసేసి, పెట్రోలులోనే టూటీ ఆయిల్ ఎక్కువ పాళ్లలో కలపమన్నారు. ఎడమ సిలిండర్‌ను మళ్లీ బోరింగు చేసి పెద్ద సైజు పిస్టన్ వేశారు. ఫలితంగా బండి ఊళ్లో పొగలు చిమ్ముతూ గొణిగేది, హైవే మీద యథాప్రకారం పట్టేసేది.

ఇక్కడ రెండు విషయాలు గమనించాలి. పెట్రోలులో ఆయిల్ ఎక్కువ కలిపితే ఇంజిన్‌కు రక్షణ పెరుగుతుందనుకుంటాం. కానీ జెట్టు గుండా వెళ్లే ద్రవంలో ఆయిల్ వాటా పెరిగినకొద్దీ పెట్రోలు వాటా తగ్గుతుంది; అంటే అప్పటికే పెట్రోలు చాలని ఇంజిన్‌కు ఇంకొంచెం తగ్గించి ఇచ్చినట్టే. రెండోది అంతకన్నా ముఖ్యమైనది. ఈ బండికి ఉన్న మికుని కంపెనీ కార్బొరేటర్లో మెయిన్ జెట్టు పని ప్రధానంగా యాక్సిలరేటర్ ముప్పాతిక దాటి తెరిచినప్పుడే ఉంటుంది. పావు నుంచి ముప్పాతిక వరకు నీడిల్ (యాక్సిలరేటర్‌తో పాటు లేచే సూది), దాని కింద స్లైడ్ (గాలి దారిని తెరిచి మూసే ముక్క) అడుగు కోత, ఇంకా కింద పైలట్ జెట్టు పాళ్లను నిర్ణయిస్తాయి. చదునైన రోడ్డు మీద 80, 90 కిలోమీటర్ల వేగానికి ఈ బండి యాక్సిలరేటర్ పావు వంతు ప్రాంతంలోనే ఉంటుంది. పట్టేయడమేమో యాక్సిలరేటర్ మూసినప్పుడు జరుగుతోంది. కాబట్టి మార్చుతూ వచ్చిన జెట్టుకు, ఇబ్బంది వస్తున్న స్థితికి సంబంధం దాదాపు లేదు. యజమాని ఈ "వదిలినప్పుడే" అన్న మాటను యథాలాపంగా అన్నారు. నా దృష్టిలో కేసు అక్కడే సగం తెరుచుకుంది.

పరిశీలన

హెడ్డు, సిలిండర్లు విప్పి పిస్టన్లను చూశాను. బోరింగు బిగుతుగా ఉండి పట్టేస్తే పిస్టన్ చుట్టూ నాలుగు చోట్ల గీతలు పడతాయి. ఎడమ పిస్టన్ మీద అలా లేదు. ఎగ్జాస్ట్ వైపు మాత్రమే అల్యూమినియం కరిగి నిలువుగా పూసుకుపోయింది, ఇన్‌టేక్ వైపు శుభ్రంగా ఉంది. అంటే వేడి, పలచని (గాలి ఎక్కువై పెట్రోలు తగ్గిన) మిశ్రమం. ఎడమ ప్లగ్గు తెల్లగా, కుడి ప్లగ్గు గోధుమ రంగులో ఉన్నాయి. రెండు సిలిండర్లూ ఒకే ట్యాంకు నుంచి తాగుతున్నాయి, ఒకే రకం జెట్లు, ఒకే ఆయిల్. అలాంటప్పుడు తేడా కార్బొరేటర్‌లోనో, స్పార్కులోనో, గాలి లీకులోనో ఉండాలి.

సిలిండర్లను ఉన్న పరిస్థితిలోనే తేలిగ్గా శుభ్రం చేసి, కూర్చి, నిలబెట్టి నడిపాను. యాక్సిలరేటర్ వదిలాక ఇంజిన్ వేగం వెంటనే కిందికి రాకుండా పైనే వేలాడి, నెమ్మదిగా దిగుతోంది. గాలి లీకుకు ఇది పాత గుర్తే అయినా, ఒక్క గుర్తు మీద ఇంజిన్‌ను రెండు ముక్కలుగా విప్పడం నాకు ఇష్టం లేదు. అందుకే ఖర్చులేని పరీక్షలు ముందు పెట్టుకున్నాను. ఎడమ, కుడి కార్బొరేటర్లను అటూ ఇటూ మార్చాను. తెల్ల ప్లగ్గు ఎడమ వైపే ఉండిపోయింది. కాయిల్స్ మార్చాను, మార్పు లేదు. ప్లగ్గు రంధ్రంలో డయల్ గేజి పెట్టి టైమింగ్ (స్పార్కు పడే క్షణం) చూశాను. ఆర్‌డీ 350లో ఒక్కో సిలిండర్‌కు వేరుగా పాయింట్లు (స్పార్కును పుట్టించే స్విచ్చులు) ఉంటాయి. పిస్టన్ పైకొనకు 2.0 మిల్లీమీటర్ల ముందు స్పార్కు పడాలి. ఎడమ వైపు కొంచెం ముందుగా పడుతోంది. సరిచేశాను. ఇది ఇంజిన్ వేడికి తోడయ్యే దోషమే, కానీ సరిచేశాక కూడా వేగం పైన వేలాడటం తగ్గలేదు. పెట్రోలు ట్యాపు ధార, ట్యాంకు మూత గాలి రంధ్రం, ఇన్‌టేక్ రబ్బర్లు అన్నీ చూసి పక్కన పెట్టాను.

మిగిలింది క్రాంకు గది, అంటే పిస్టన్ కదలికను తిరుగుడుగా మార్చే క్రాంకు షాఫ్టు ఉండే కింది గది. నాలుగు స్ట్రోకుల ఇంజిన్‌కు అలవాటుపడినవారు ఇక్కడ తడబడతారు. టూ స్ట్రోక్‌లో పిస్టన్ పైకి వెళ్లేటప్పుడు కింద క్రాంకు గదిలో శూన్యం ఏర్పడి మిశ్రమాన్ని లోపలికి లాగుతుంది. కిందికి వచ్చేటప్పుడు అదే మిశ్రమాన్ని నొక్కి పైకి పంపుతుంది. క్రాంకు చివర ఉన్న రబ్బరు సీలు లీకైతే, కార్బొరేటర్‌ను తాకని గాలి నేరుగా లోపలికి వస్తుంది. యాక్సిలరేటర్ మూసినకొద్దీ గదిలో శూన్యం పెరుగుతుంది, కార్బొరేటర్ గుండా వచ్చేది తగ్గుతుంది, కాబట్టి లీకు గాలి వాటా పెరుగుతుంది. వేగంగా తిరుగుతున్న ఇంజిన్‌లో యాక్సిలరేటర్ వదిలినప్పుడే ఎందుకు పట్టేస్తోందో దీనితో పూర్తిగా సరిపోయింది. పైగా ఆర్‌డీలో కుడి వైపు సీలు లీకైతే లోపలికి వచ్చేది గేరు ఆయిల్, తెల్ల పొగగా కనబడుతుంది. ఎడమ వైపు ఆల్టర్నేటర్, పాయింట్లు ఉన్న పొడి గది కనుక అక్కడి సీలు లీకైతే వచ్చేది గాలే, కంటికి ఏమీ కనబడదు.

దీన్ని రుజువు చేయడానికి పెద్ద పరికరాలు అక్కర్లేదు. ఎగ్జాస్ట్ పోర్టులకు (పొగ బయటకు పోయే రంధ్రాలకు) రబ్బరు షీటు వేసి అల్యూమినియం పలకలు బిగించాను, ఇన్‌టేక్ వైపు రబ్బరు బిరడాలు పెట్టాను, మెడికల్ షాపులో దొరికే బీపీ మిషన్ బల్బును, గేజిని ఒక బిరడాకు అమర్చాను. రెండు క్రాంకు గదుల మధ్య ఉన్నది తాకకుండా తిరిగే లాబిరింత్ సీలు. ఒక వైపు నింపిన గాలి నెమ్మదిగా రెండో వైపుకు పోతుంది కాబట్టి రెండు సిలిండర్లనూ ఒకేసారి మూయాలి. ఇది చాలామంది మరిచిపోయి, మంచి ఇంజిన్‌ను లీకుదని తేల్చేస్తారు. గేజి మీద 300 మిల్లీమీటర్ల పాదరసం అంటే సుమారు 6 పీఎస్ఐ (చదరపు అంగుళానికి పౌండ్లు). మంచి ఇంజిన్ ఆ ఒత్తిడిని ఆరు నిమిషాలు నిలపాలి, నిమిషానికి 1 పీఎస్ఐ కన్నా ఎక్కువ పడకూడదు. ఈ ఇంజిన్ మీద ముల్లు చూస్తుండగానే సున్నాకు వచ్చేసింది. సబ్బు నీళ్లు వేస్తే ఎడమ వైపు సీలు చుట్టూ బుడగలు లేచాయి.

మొదటి మరమ్మతు ఎందుకు నిలవలేదు

ఇప్పుడు రెండు దారులు ఉన్నాయి. ఎడమ సీలు ఒక్కటే మార్చడం, లేదా ఇంజిన్ మొత్తం విప్పి క్రాంకును విడదీసి మళ్లీ కూర్పించడం. క్రాంకు పని ఖర్చుతో కూడినది, ఈ బండికి నమ్మదగిన విడిభాగాలు దొరకడం కష్టం. దొరికినా అసలువో కాదో తేల్చుకోవాలి. సీలు గట్టిపడటానికి బండి ఏళ్ల తరబడి కదలకుండా ఉండటమే చాలు, క్రాంకు దెబ్బతినే ఉండాలని లేదు. చేత్తో ఊపి చూస్తే షాఫ్టులో తేడా స్పష్టంగా తెలియలేదు. యజమానికి రెండూ వివరించి, సీలు మార్చి కొన్నాళ్లు దగ్గర దూరాలు తిప్పి చూద్దామని, యాక్సిలరేటర్ వదిలాక వేగం వేలాడటం మళ్లీ కనబడిన రోజున బండి ఆపేసి ఫోను చేయమని ఒప్పందం చేసుకున్నాం. ఎడమ బోరు సరిచేసి, కొత్త సీలు వేసి, ఒత్తిడి పరీక్ష చేస్తే ముల్లు నిలిచింది.

కొన్ని వందల కిలోమీటర్ల తర్వాత ఫోను వచ్చింది. పట్టేయలేదు, కానీ వేలాడటం మొదలైంది. మళ్లీ పరీక్షిస్తే అదే సీలు, అదే చోట బుడగలు. కొత్త సీలు అంత త్వరగా పోయిందంటే తప్పు సీలుది కాదు, దాని లోపల తిరిగే షాఫ్టుది. షాఫ్టు వంకరగా తిరిగితే సీలు పెదవి ఒక వైపు నొక్కుకుపోతూ, ఇంకో వైపు సందు వదులుతూ ఉంటుంది. చల్లగా, నిలిపి ఉంచి చేసే పరీక్షలో నిలిచినా, వేడిగా వేగంగా తిరుగుతున్నప్పుడు నిలవదు. ఇక రెండో దారి తప్పలేదు.

ఇంజిన్ రెండు భాగాలుగా విప్పాక కథ తేలింది. ఎడమ మెయిన్ బేరింగు గోళాల దారుల మీద తుప్పు తిన్న చిన్న గుంతలు వరుసగా ఉన్నాయి. కుడి బేరింగులు పాతబడినవే గాని తుప్పు లేదు. బండి ఎడమకు ఒరిగి నిలబడటం వల్ల తుపానులో లోపలికి చేరిన నీరు ఎడమ క్రాంకు గదిలో నిలిచిపోయిందని నా నిర్ణయం. ముందువారు ఇంజిన్ పని అన్నప్పుడు సిలిండర్ల పైభాగమే చేశారు, కింది సగం విప్పినట్టు ఎక్కడా గుర్తులు లేవు.

ఈ క్రాంకు బోల్టులతో కూర్చినది కాదు, ముక్కలను ప్రెస్సులో నొక్కి కూర్చినది. దాన్ని విడదీసి, కొత్త కనెక్టింగ్ రాడ్లు, నీడిల్ బేరింగులు, మెయిన్ బేరింగులు వేసి మళ్లీ నొక్కడం ఒక పని అయితే, నొక్కాక దాన్ని వంకర లేకుండా సరిచేయడం అసలు పని. ఇది విజయనగరంలో దశాబ్దాలుగా లేత్ పని చేస్తున్న ఒక పెద్దాయనకు అప్పగించాను. ఆయన రాగి సుత్తితో ఒక్కో దెబ్బ వేసి, డయల్ గేజి చూసి, మళ్లీ ఒక్కో దెబ్బ వేసే ఓపిక నాకు లేదని ఒప్పుకోవాలి. షాఫ్టు వంకర 0.03 మిల్లీమీటర్ల లోపుకు రాకుండా తీసుకోనని ముందే చెప్పాను. ఆయన అంతకన్నా తక్కువకే తెచ్చి ఇచ్చారు. లాబిరింత్ సీలును, రెండు చివరి సీళ్లను కొత్తవి వేశాం.

సిలిండర్లను కొత్త పిస్టన్లకు తగ్గట్టు బోరు చేయించి, హోనింగ్ (లోపలి గోడకు సన్నని రాపిడి) చేయించాం. మన ఎండలను, యజమాని కోరిన వేగాన్ని దృష్టిలో పెట్టుకుని పిస్టన్‌కు, బోరుకు మధ్య సందును బాగా బిగుతుగా కాక 0.05 మిల్లీమీటర్లకు ఉంచాను. బోరు చేశాక పోర్టుల అంచులు కత్తిలా మిగులుతాయి. వాటిని చేత్తో గుండ్రంగా రాయకపోతే రింగులు తగిలి విరుగుతాయి. చాలా చోట్ల ఈ పని వదిలేస్తున్నారు. కూర్చిన తర్వాత ఒత్తిడి పరీక్షతో పాటు శూన్య పరీక్ష కూడా చేశాను. సీలు పెదవి ఒక దిశలో గాలిని ఆపి, ఇంకో దిశలో వదిలే అవకాశం ఉంది, ఇంజిన్‌లో రెండు దిశల్లోనూ గాలి నెడుతుంది. రెండింటిలోనూ ముల్లు కదలలేదు. అప్పుడు పెంచిన జెట్లన్నీ తీసేసి కంపెనీ జెట్ల నుంచి మళ్లీ మొదలుపెట్టాను.

ఆటోల్యూబ్ పంపును తిరిగి పెట్టడం మీద యజమానికి అనుమానం ఉంది. పంపు ఆగిపోతే ఇంజిన్ పోతుంది కదా అన్నారు. ఆ భయం న్యాయమైనదే. అయితే పంపు ఇంజిన్ వేగాన్ని బట్టి, యాక్సిలరేటర్‌ను బట్టి ఆయిల్ మారుస్తుంది. పెట్రోలులో కలిపితే యాక్సిలరేటర్ మూసినప్పుడు పెట్రోలుతో పాటు ఆయిల్ కూడా దాదాపు ఆగిపోతుంది. ఆయిల్ గొట్టాలను లోపల కనబడే పారదర్శకమైనవి వేసి, గాలి బుడగలు పూర్తిగా తీసి, కేబుల్ గుర్తులు కలిపి ఇచ్చాక ఆయన ఒప్పుకున్నారు.

వేగం విషయం

శక్తి పెంచడానికి ముందు ఆపడం చూడాలన్నాను. ఈ బండి ముందు డ్రమ్ములో రెండు షూలూ చక్రం తిరిగే దిశలోకి నొక్కుకునే ట్విన్ లీడింగ్ అమరిక ఉంది. అది సరిగ్గా ఉంటే మంచి బ్రేకు, సరిగ్గా లేకుంటే సగం బ్రేకు. వేరే బండి ఫోర్కులు, డిస్కు తెచ్చి పెట్టడం తేలికైన మార్గమని చాలామంది సలహా ఇచ్చారు. ఫోర్కు పొడవు, స్టీరింగ్ కోణం మారితే బండి ప్రవర్తన మారుతుంది. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ కంపెనీ నిర్దేశించిన వివరాలకు భిన్నంగా బండిని మార్చడాన్ని నిషేధిస్తుంది. ఈ బండి రిజిస్ట్రేషన్ పునరుద్ధరణకు మళ్లీ తనిఖీకి వెళ్లాలి. అందుకే డ్రమ్మునే ఉంచాను. లోపలి ఉపరితలాన్ని లేత్ మీద పలచగా చెక్కించి, షూలకు కొత్త లైనింగ్ వేయించి, ఆ లైనింగ్‌ను డ్రమ్ము వంపుకు తగ్గట్టు అరగదీయించి, రెండు షూలూ ఒకే క్షణంలో తాకేలా మధ్య కడ్డీని సర్దాను. ఈ చివరి సర్దుబాటుతో వచ్చిన తేడా మిగతా అన్నింటికన్నా ఎక్కువ. స్టీరింగ్‌లో విడి గోళాల స్థానంలో టేపర్ రోలర్ బేరింగులు, స్వింగ్ ఆర్మ్‌కు కొత్త బుష్‌లు వేశాం.

తర్వాత యజమాని కోరిక మీద ఎక్స్‌పాన్షన్ చాంబర్లు పెట్టి చూశాం. వీటి పని సులువుగా చెప్పాలంటే, బయటకు పోతున్న వాయువు అలను వెనక్కి తిప్పి, పోర్టు గుండా తప్పించుకోబోతున్న తాజా మిశ్రమాన్ని మళ్లీ సిలిండర్‌లోకి నెట్టడం. ఆ అల ఒక నిర్ణీత ఇంజిన్ వేగం దగ్గరే సరైన సమయానికి వస్తుంది. ఆయన తెప్పించినవి జపాన్ ఆర్‌డీ పోర్టులకు, రేసు వేగానికి లెక్కకట్టినవి. లో టార్క్ సిలిండర్ మీద వాటిని పెడితే పైవేగాల్లో ఒక్కసారిగా దూకుడు వచ్చిన మాట నిజమే. దాని కింద ఇంజిన్ చప్పబడింది. ఏడు రోడ్ల కూడలి రద్దీలో అయితే అర క్లచ్చు మీదే బండి నడపాల్సి వచ్చింది. వెనుక స్ప్రాకెట్ పెద్దది వేసి చూశాం. ఊళ్లో బాగుపడింది గాని హైవే మీద అదే వేగానికి ఇంజిన్ మరీ ఎక్కువగా తిరగసాగింది, కంపనం పెరిగింది. శబ్దం సంగతి చెప్పనక్కర్లేదు. ఆయన నడిపేది ఊరి రోడ్డు, పట్టణం, హైవే. మూడింట్లో రెండు చోట్ల నష్టం ఇచ్చే మార్పును ఉంచడం సమంజసం కాదని చెప్పి, చాంబర్లు విప్పించాను. కొంత నొచ్చుకున్నారు.

నిలిచిన మార్పులు ఇవి. కంపెనీ ఆకారపు సైలెన్సర్లనే ఉంచి, లో టార్క్ రకంలో ఇరుకు చేసిన ఎగ్జాస్ట్ దారిని తెరిచాం. పోర్టును స్వల్పంగా వెడల్పు చేసి, పై అంచును కొద్దిగా ఎత్తాం. ఎక్కువ వెడల్పు చేస్తే రింగు పోర్టులోకి ఉబ్బి విరుగుతుంది, ఎక్కువ ఎత్తితే కింది వేగాల్లో బలం పోతుంది. పిస్టన్ అంచుకు, హెడ్డుకు మధ్య ఉన్న స్క్విష్ సందును సోల్డర్ తీగతో కొలిచాను. ప్లగ్గు రంధ్రం గుండా తీగను దూర్చి, గడ్జన్ పిన్ను (పిస్టన్‌ను రాడ్డుకు కలిపే పిన్ను) వరుసలో రెండు వైపులా నొక్కించి, నలిగిన మందం చూడాలి. అది చాలా వదులుగా ఉంది. హెడ్డును లేత్ మీద చెక్కించి 1.2 మిల్లీమీటర్లకు తెచ్చాను. ఇంకా తగ్గించడానికి చోటు ఉంది, కానీ రాడ్డు వేడికి సాగే అవకాశాన్ని వదిలి పెట్టాను. రీడ్ వాల్వులలో ఉక్కు రేకుల స్థానంలో ఫైబర్ రేకులు వేశాం. అవి తేలికగా కదులుతాయి, విరిగి లోపలికి వెళ్లినా ఉక్కు చేసినంత నష్టం చేయవు. పాయింట్లు తీసేసి, ఇంజిన్ వేగం పెరిగినకొద్దీ స్పార్కును కొంచెం ఆలస్యం చేసే ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్ పెట్టాం. పాయింట్ల మడమ అరిగి టైమింగ్ జరిగిపోవడం, రెండు సిలిండర్లూ వేర్వేరుగా నడవడం దీనితో ఆగాయి.

జెట్ల పని చివర్లో వచ్చింది. ఇప్పుడు బంకుల్లో దొరికేది 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు. మామూలు పెట్రోలు కిలోకు సుమారు 14.7 కిలోల గాలి కావాలి, ఇథనాల్‌కు 9 చాలు. మిశ్రమానికి సుమారు 13.5. అంటే 1980లలో సరిపోయిన జెట్టు ఈ పెట్రోలుతో ఎనిమిది శాతం ప్రాంతంలో పలచబడుతుంది. పాత ఇంజిన్‌కు ఇది చిన్న తేడా కాదు. అందుకే మెయిన్ జెట్టును, పైలట్ జెట్టును మెట్టు మెట్టుగా పెంచి, నీడిల్ క్లిప్పును ఒక గాడి కిందికి దించి, ప్రతి స్థితిలో ప్లగ్గు చూసి నిర్ణయించాను. ఇథనాల్ వల్ల ఆక్టేన్ (పెట్రోలు తనంతట ముందే పేలకుండా తట్టుకునే గుణం) పెరగడం ఆ చెక్కిన హెడ్డుకు కొంత మేలు కూడా చేసింది. పాత రబ్బరు గొట్టాలు, ఫ్లోట్ నీడిల్ కొనలు దీనికి తట్టుకోవు కనుక అవన్నీ మార్చాం.

డైనో (శక్తిని కొలిచే యంత్రం) మీద కొలవలేదు కాబట్టి హార్స్‌పవర్ సంఖ్య చెప్పను. ఒకే గేరులో 60 నుంచి 100 కిలోమీటర్ల వేగం అందుకునే సమయాన్ని, గాలి ప్రభావం తెలియకుండా ఒకే రోడ్డు మీద రెండు దిశల్లోనూ, మార్పులకు ముందూ తర్వాతా కొలిచాం. తగ్గుదల స్పష్టంగా ఉంది. అంతకన్నా నాకు నచ్చినది, ఇంజిన్ నిమిషానికి 4,000 చుట్లు దాటగానే లాగడం మొదలై పైకి వెళ్లేకొద్దీ ఎక్కడా గుంత లేకుండా సాగడం. ఇంజిన్ పట్టేయడం మళ్లీ జరగలేదు. శ్రీకాకుళం నుంచి విశాఖపట్నం వరకు వేసవి మధ్యాహ్నం వెళ్లివచ్చాక కూడా రెండు ప్లగ్గులూ ఒకే రంగులో ఉన్నాయి.

ఈ బండి మీద అయిన ఖర్చులో పెద్ద వాటా కంటికి కనబడని క్రాంకుకు, బ్రేకులకు పోయింది. యజమాని తెచ్చిన చాంబర్ల ధర వాటికి దాదాపు సమానం. మొదట బీపీ బల్బు పరీక్ష చేసి ఉంటే ఆ రెండు బోరింగులూ మిగిలేవి, అంటే భవిష్యత్తులో పెద్ద పిస్టన్ వేసుకోవడానికి సిలిండర్‌లో ఇంకా లోహం ఉండేది; ఇప్పుడు ఎడమ సిలిండర్‌కు మిగిలిన అవకాశం తక్కువ. అందుకే ఇప్పుడు పాత టూ స్ట్రోక్ ఏది వచ్చినా, యజమాని ఏం అడిగినా, కార్బొరేటర్ మూత విప్పక ముందే ఒత్తిడి పరీక్ష చేస్తున్నాను. ఫలితాన్ని కార్డు మీద రాసి యజమానికి ఇస్తున్నాను.

ఈ యజమానికి ఇచ్చిన కార్డులో ఇంకొన్ని సూచనలు ఉన్నాయి. నెల రోజులకు మించి నడపకపోతే కార్బొరేటర్ గిన్నెలు ఖాళీ చేయాలి, ట్యాంకు నిండుగా ఉంచాలి. సముద్రపు గాలిలోని తేమ ఇథనాల్ పెట్రోలులోకి త్వరగా చేరుతుంది. బండిని సెంటర్ స్టాండు మీదే నిలపాలి. గేరు ఆయిల్ మట్టం నెలకోసారి చూడాలి; అది తగ్గుతూ కుడి సైలెన్సర్ తెల్లగా పొగ విడిస్తే కుడి సీలు వంతు వచ్చినట్టు. ఒత్తిడి పరీక్ష ఏడాదికోసారి, వానాకాలం ముగిశాక చేయాలి.